సంచి తీసేయడమే వైద్యమా?

సంపాదకుడు గారికి,

గత వారం మీ ఆదివారం పేజీలో ఎండోమెట్రియోసిస్ మీద పరిశోధన చేస్తున్న ముంబై శాస్త్రవేత్త డాక్టర్ రాహుల్ గజ్‌భియే గురించి వేశారు. సంతోషం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థలో ఉండి, దేశంలో వేర్వేరు ప్రాంతాల ఆడవాళ్లలో ఈ జబ్బు తీరునీ జన్యువులనీ పరిశీలిస్తున్నారట. అంతా బాగానే ఉంది గానీ, దాని కిందే సగం పేజీ సంతాన సాఫల్య కేంద్రం ప్రకటన ఏమిటండీ? పిల్లలు పుట్టకపోతేనే ఇది జబ్బా, నొప్పి లెక్కలోకి రాదా?

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరగడమే ఈ జబ్బు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఉంటుందని, బయటపడడానికి 4 నుంచి 12 ఏళ్లు పట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అన్నేళ్లు ఎందుకు పడుతుందో మా శ్రీకాకుళం జిల్లాకొచ్చి చూస్తే తెలుస్తుంది. మా చెల్లెలి కూతురు డేట్ వచ్చిన రోజుల్లో కాలేజీ మానేసి మెలికలు తిరిగేది. స్కానింగ్ తీసి 'అంతా నార్మల్' అన్నారు. మామూలు స్కానింగ్‌లో చిన్న చిన్న మచ్చలు దొరక్కపోవచ్చన్న ముక్క ఎవరూ చెప్పలేదు. "పెళ్లి చేసీండి, అదే తగ్గిపోద్ది" అని పంపేశారు. ఎంబీబీఎస్ చదివింది ఇది చెప్పడానికా?

పెళ్లయి ఇద్దరు పిల్లలుంటే సలహా మారిపోతుంది: "ఇంకెందుకమ్మా, సంచి తీయించేసుకో." మా వదినకు ముప్పై నిండకుండానే తీసేశారు. ఇంటి బయట కలుపు మొలిస్తే ఇల్లు పడగొట్టినట్టు. బయట పెరిగింది బయటే ఉండిపోయింది, నొప్పి మళ్లీ వచ్చింది. అండాశయాలు కూడా తీసేసినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అంత చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు, ఎముకల అరుగుదల మొదలు. పలాస జీడి బట్టీల్లో, పొలాల్లో కూలికెళ్లే ఆడవాళ్లను అడగండి, ఎంతమందికి సంచి లేదో.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం. పట్టికలో మొదటి స్థానం మనదే. మిగతా ర్యాంకులకు ఫ్లెక్సీలు కట్టే మన నాయకులు దీనికి మాత్రం కట్టలేదు, పాపం!

ఉద్దానం కిడ్నీ రోగులు ఏళ్ల తరబడి అరిచి గీపెడితే 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. కిడ్నీ జబ్బు గురించి నలుగురిలో మాట్లాడొచ్చు, ధర్నా చేయొచ్చు. నెలసరి నొప్పికి టెంటు వేసి ధర్నా ఎవరు చేస్తారు? ఇంట్లో మగాళ్లకు చెప్పడానికే సిగ్గు. మార్చి 8న శాలువాలు కప్పి, ముగ్గుల పోటీలు పెట్టి, ఫొటోలు మీకు పంపే అధికారులు ఆ ఒక్కరోజైనా పీహెచ్‌సీలో దీని గురించి మాట్లాడించవచ్చు కదా. ఆశా కార్యకర్తలకు ఈ జబ్బు పేరైనా చెప్పారా అని నా అనుమానం.

అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను కేంద్రం 2022లో ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఉందా? ఉంటే అందులో ఎవరెవరున్నారు, ఆఖరుసారి ఎప్పుడు కూర్చున్నారు, ఏ ఆసుపత్రి రికార్డులు తిరగేశారు? మీ విలేకరిని పంపి అడిగించి, జిల్లా పేజీలో వేయండి. ఆయనకు తీరిక లేకపోతే సమాచార హక్కు కింద నేనే అడుగుతాను, దరఖాస్తుకు పది రూపాయలే కదా.

ఇట్లు,
ఓ పాఠకురాలు,
నరసన్నపేట