తాబేలుకు వేడి పైనుంచే ఇవ్వాలి

సంపాదకులకు,

డిసెంబరు, జనవరి నెలల్లో బెజవాడలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకు దిగే రోజులుంటాయి. మనకు దుప్పటి సరిపోతుంది. ఇళ్లలో పెంచే ఆఫ్రికా సల్కాటా తాబేలుకు ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కదా. తిన్నది అరగదు, ముక్కు కారుతుంది. (నక్షత్ర తాబేలు సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచడమే నేరం.)

చాలామంది పెట్టె కింద హీటింగ్ ప్యాడ్ పరుస్తున్నారు. కింది డొప్ప కాలుతున్నా తాబేలు కదలకపోవచ్చు, దానికి తెలిసిన వేడి పైనుంచి వచ్చే ఎండే. బల్బులా ఉండే 100 వాట్ల సిరామిక్ హీటర్‌ను పింగాణీ హోల్డర్‌కు బిగించి, డొప్పకు కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున, గొలుసుతో ఒక మూలనే వేలాడదీయండి. ప్లాస్టిక్ హోల్డరైతే కరిగిపోతుంది. రెండో మూల చల్లగా వదిలేస్తే తాబేలే తనకు కావలసిన చోటు చూసుకుంటుంది.

థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌ను ఆపి, వేసే పరికరం) లేకుండా హీటర్ వెయ్యొద్దు. రాత్రికి 25 డిగ్రీలు చాలు. సెన్సర్‌ను డొప్ప ఎత్తులో గోడకు గట్టిగా బిగించాలి. అది ఊడి చల్లని మూలకు జారితే హీటర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. ఈ హీటర్‌కు వెలుగుండదు, నిద్ర చెడదు. అయితే ఎండలో ఉండే యూవీబీ (అతినీలలోహిత కిరణాలు) కూడా రాదు, కాబట్టి పగలు ఎండలో తిప్పడం మానకండి.

– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ