గోదావరి కథకు అనువాద బహుమతి ఇప్పించండి

గౌరవనీయులైన సాంస్కృతిక వ్యవహారాల ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. కొత్త కథకుల కోసం అనువాద పురస్కారం పెట్టమని మేమిచ్చిన అర్జీలకు ఇంతవరకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన ‘గాలివాన’ పశ్చిమగోదావరిలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు గారిది. 2025లో ఒక కన్నడ కథల సంపుటి ఇంటర్నేషనల్ బుకర్ గెలిచింది. 50,000 పౌండ్ల బహుమతిని రచయిత్రి బాను ముష్తాక్, అనువాదకురాలు దీపా భస్తి చెరిసగం పంచుకున్నారు. ఆ పోటీకి పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చి, బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో అచ్చయి ఉండాలి. మన కొత్త కథకులు ఆగిపోయేది అక్కడే.

భీమవరం వైపు రొయ్యల షెడ్డులో పనిచేసే ఒక అమ్మాయి కథలు చదివాను. ఐసు నీళ్లలో తిమ్మిరెక్కిన వేళ్లతోనే రాత్రిళ్లు రాస్తుంది. చీటీ పాడిన డబ్బుతో పుస్తకం వేసుకుంది. అమ్ముడుపోని కాపీలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ముసురుకి కింది వరస చెమ్మెక్కింది. అనువాదకులకు ఇచ్చుకునే స్తోమత ఆమెకెక్కడిది? సన్మానాలకు మాత్రం లోటు లేదు, శాలువాలు బీరువాలో మడతపెట్టి ఉన్నాయి.

అయ్యా, వచ్చే ఉగాదికి డెల్టా కొత్త కథకుల కోసం ఒక బహుమతి ప్రకటించండి. సొమ్ములో సగం అనువాదకులకే ఇవ్వండి. నిబంధనలు, న్యాయనిర్ణేతల పేర్లు ముందే బయటపెట్టండి. ఎంపికైన కథలను విదేశీ ప్రచురణకర్తలకు పంపే బాధ్యత ఒక అధికారికి అప్పగించండి. కుదరదంటే, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పాఠకుడు