వంటింట్లో జిడ్డు, స్నానాలగదిలో తేమ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. వంటింటి కప్‌బోర్డులకూ, స్నానాలగదిలో వాష్ బేసిన్ కింద ఉన్న చిన్న కప్‌బోర్డుకూ ఒకే డబ్బాలోని రంగు తీసుకుని, ఒక్క శని, ఆదివారాలలో పని ముగించాలనుకుంటున్నానని నువ్వు రాసిన వాక్యం చదివి నవ్వుకున్నాను. రెండేళ్ళ కిందట నేనూ అచ్చంగా ఇలాగే లెక్క వేసుకున్నాను; ఆ రెండు రోజుల పని నాకు దాదాపు నెల పట్టింది. అందులో రంగు వేయడానికి పట్టిన సమయమంతా కలిపినా ఒక పూట మించదు. మిగిలినదంతా కడగడానికీ, రుద్దడానికీ, ఊరకే కూర్చుని ఆరనివ్వడానికీ పోయింది.

రంగు ఎంచుకునే ముందు, నీ తలుపులు దేనితో చేసినవో తేల్చుకో. అసలైన చెక్క అయితే ముందువైపు కనిపించే నారగీతలు తలుపు అంచు మీదుగా వెనక్కి కూడా సాగుతాయి. ప్లైవుడ్ మీద పల్చని చెక్కపొర అతికించినదైతే అంచున ఆ పొర విడిగా కనిపిస్తుంది. ఆ పొర చాలాసార్లు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు కనుక, దాని మీద మెషీన్‌తో రుద్దితే కింద ఉన్న ప్లైవుడ్ బయటపడి, ఆపైన ఏ పాలిష్ వేసినా ఆ మచ్చ దాగదు. సన్‌మైకా (పలక మీద అతికించే ప్లాస్టిక్‌లాంటి గట్టి రేకు) అయితే అది చెక్కే కాదు, దానికి పాలిష్ అనే మాటే వర్తించదు. నునుపుగా ఉండే ఉపరితలాలను పట్టుకునే ప్రత్యేకమైన ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగుపూత, వేశాకే రంగు నిలుస్తుంది. చెక్కకే మళ్ళీ పాలిష్ పెట్టదలిస్తే, పాత పూత ఏదో తెలుసుకునే ఒక చిన్న పరీక్ష ఉంది. కనబడని మూల ఒకచోట దూదితో స్పిరిట్ అద్ది చూడు. మెత్తబడి జిగురుగా మారితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలక లాకర్ థిన్నర్‌కు కరిగితే అది లాకర్ అనే త్వరగా ఆరే మెరుపు పూత. రెండింటికీ చలించకపోతే బహుశా పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌లాంటి పూత కావచ్చు.

తలుపులు విప్పేటప్పుడు ఒక్కొక్క దానికి అంకె వేయడం మరచిపోకు. అన్నీ ఒకే కొలత అని నమ్మి నేను అంకెలు వేయలేదు. ఏళ్ళ తరబడి ఒకేచోట వేలాడిన తలుపు తన చట్రానికి తగినట్లు ఒదిగిపోయి ఉంటుందని తిరిగి బిగించేటప్పుడు తెలిసింది. అంకెను బందు కూర్చునే గుంటలో రాసి, దాని మీద టేపు అతికించు. అక్కడ రంగు పడదు, పైకీ కనబడదు.

ఇక జిడ్డు సంగతి. దీని గురించి కొంచెం విసిగించినా ఓర్చుకో. కంటికి శుభ్రంగానే కనిపిస్తున్నాయి కదా అని నేను తలుపులను తడిగుడ్డతో తుడిచి, నేరుగా గరుకు కాగితం అందుకున్నాను. ఆ రుద్దుడుతో పొయ్యి దగ్గరి తలుపుల మీది నూనె పోకపోగా, చెక్క రంధ్రాలలోకి మరింత లోతుగా దిగింది. మొదటి పూత వేయగానే చేపకళ్ళలాంటి గుండ్రని గుంటలు లేచాయి; రంగు అక్కడి నుంచి తప్పుకుని పక్కకు జరిగిపోయింది. అంతా గీకి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. కాబట్టి ముందు జిడ్డు, తరువాతే గరుకు కాగితం. గిన్నెలు తోమే సబ్బును గోరువెచ్చని నీటిలో కలిపి, బాగా పిండిన గుడ్డతో తుడువు. ఆ సబ్బు కూడా మిగలకుండా మంచినీటితో రెండుసార్లు తుడిచి, ఒక రాత్రి ఆరనివ్వు. పిడుల చుట్టూ, పొయ్యికి ఎగువన ఉన్న తలుపుల కింది అంచులోనూ ఒకటికి రెండుసార్లు తుడవాలి. చేతివేళ్ళ జిడ్డు అన్నిటికంటే మొండిది.

రుద్దడానికి పాత వార్నిష్ మీద 120 లేదా 150 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 220తో ముగించు; పూతకూ పూతకూ నడుమ 320 చాలు. ఎప్పుడూ నార వెంబడే రుద్దు, అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాక కొట్టొచ్చినట్లు కనబడతాయి. పాత రంగు మొత్తం ఊడివచ్చేదాకా రుద్దనవసరం లేదు. మెరుపు చచ్చి, కొత్త పూత పట్టుకునేంత గరుకుదనం వస్తే చాలు. అయితే ఇల్లు మరీ పాతదై, రంగు కూడా అప్పటిదే అయితే అందులో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా పొడిగా రుద్ది ఆ ధూళిని ఇంట్లోకి వదలకు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

పిడులు మార్చాలని రాశావు. పాత రంధ్రాల దూరానికే సరిపోయేవి దొరికితే మేలు. లేకపోతే లప్పం పెట్టి పూడ్చి, అది ఆరాక కాస్త కుంగుతుంది కనుక మరోసారి పెట్టి రుద్దాలి.

ప్రైమర్ వదిలేయవచ్చా అని అడిగావు. వదలకు. టేకు, ఓక్ వంటి చెక్కలలోని సహజవర్ణం నీటి రంగులోంచి పసుపు మరకలుగా పైకి ఊరుతుంది, దాన్ని ఆపడానికి లక్కతో చేసిన ప్రైమర్ బాగా పనిచేస్తుంది. తెలుపే కావాలంటున్నావు కనుక ఇంకొక మాట. నూనె ఎనామెల్ గట్టిగానే ఉంటుంది కానీ, వెలుతురు తక్కువగా పడే చోట కాలక్రమాన పసుపు తిరుగుతుంది. నీటితో కలిపే ఎనామెల్‌కు ఆ బాధ తక్కువ. తలుపులను పడుకోబెట్టి, మొదట వెనకవైపు వేసి, అది ఆరాక ముందువైపు తిప్పు. మందంగా ఒక పూత వేయడం కంటే పల్చగా మూడు వేయడం ఎంతో నయం. వార్నిష్ వాడితే డబ్బాను కుదపకుండా కర్రతో నెమ్మదిగా కలుపు, కుదిపితే బుడగలు పూతలోనే ఉండిపోతాయి. నూనె పాలిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకు. ఆరే క్రమంలో వాటిలో పుట్టే వేడికి అవి తమంతట తామే అంటుకోగలవు. విడివిడిగా పరచి ఆరబెట్టు.

స్నానాలగది కప్‌బోర్డుకు శత్రువు వేరు. అక్కడ జిడ్డు తక్కువే కానీ, నీరు ఎప్పుడూ కనిపించని వైపు నుంచే వస్తుంది: తలుపు కింది అంచు, పైపు కోసం కోసిన రంధ్రం, నేలను తాకే అడుగుభాగం. ముందువైపు నాలుగు పూతలు వేసి కింది అంచును వదిలేస్తే, చెక్కపొడి పలక అయినా, చెక్కనారను నొక్కి చేసిన ఎమ్‌డీఎఫ్ పలక అయినా నీటిని పీల్చి ఉబ్బుతుంది; ఒకసారి ఉబ్బింది మళ్ళీ తగ్గదు. కనుక అంచులన్నిటికీ ముందుగా పూత వేయి. బేసిన్ చుట్టూ ఉన్న పాత సిలికాన్‌ను పూర్తిగా గీకెయ్యి, దాని మీద ఏ రంగూ అంటదు. కొత్త సిలికాన్ రంగు పని అయిపోయాకే. పని జరిగే రోజుల్లో ఆ గదిలో వేడినీటి స్నానాలు మానుకోవాలని ఇంట్లో అందరినీ ఒప్పించడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

చివరికి నేను చేసిన పెద్ద పొరపాటు చెబుతాను. ముట్టుకుంటే అంటలేదు కదా అని చివరి పూత వేసిన నాలుగోరోజే తలుపులు బిగించాను. మర్నాడు తెరవబోతే చట్రానికి అతుక్కుని, లాగగానే రంగు పెచ్చుగా లేచింది. తడి ఆరడం వేరు, పూత గట్టిపడడం వేరు. రెండోదానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతదాకా తలుపులు బిగించకుండా ఉంటే సరే, లేదంటే చట్రం మూలల్లో చిన్న రబ్బరు బొట్లు అతికించి, తడిగుడ్డతో తుడవకుండా జాగ్రత్తగా వాడుకో.

ముందు ఒక తలుపు విప్పి, అంచు చూసి, అది చెక్కో, పొరో, సన్‌మైకానో నాకు రాయి. అప్పటిదాకా ఆ రంగు డబ్బా కొనకు.

నీ మిత్రుడు