చలి మొదలవ్వకముందే గీజర్ల గురించి రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం మొదలవుతోందంటే చాలు, ఏసీ సర్వీసింగ్ చేయించుకోండి, ఫిల్టర్లు కడగండి అని పేపర్లలో ఏటా వస్తుంది, మేమూ చదివి మెకానిక్‌ని పిలుస్తాం. గీజర్ గురించి, రూమ్ హీటర్ గురించి మాత్రం చలి ముదిరి, ఎవరి బాత్రూంలోనో ఎవరో చనిపోయాక లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. ఆ నాలుగు లైన్లు రెండు నెలల ముందే జాగ్రత్తలుగా రావాలని అడగడానికే ఈ ఉత్తరం.

చలి ఎక్కువుండే చోట హీటర్ లేకపోతే గడవదు, అది ఆగిపోతుందన్న భయంతోనైనా ఏటా ఎవరో ఒకరు చూస్తారు. వేడి ప్రాంతాల్లో ఉండే మనకు చలి ఆరేడు వారాలు. మిగతా కాలమంతా ఆ వస్తువు ఎవరికీ పట్టదు. వాడనే లేదు కదా, ఏం పాడవుతుందిలే అనుకుంటాం, కానీ వాడకుండా వదిలేస్తేనే దుమ్ము పడుతుంది, సాలీళ్లు గూళ్లు కడతాయి, రబ్బరు గొట్టం ఎండి పగుళ్లిస్తుంది, ప్లగ్గు పిన్నులు చిలుము పడతాయి. అలాంటి దాన్ని మొదటి చలి రోజు పొద్దున్నే, నిద్రమత్తులో, తలుపులన్నీ వేసుకుని ఆన్ చేస్తాం.

పోయిన చలికాలం మా ఇంట్లో అదే జరిగింది. మేముండేది అద్దె ఇల్లు, బాత్రూంలో గ్యాస్ గీజర్. చల్లగాలి కొడుతోందని ముందురోజు రాత్రి వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టింది నేనే. పొద్దున్నే మా నాన్నగారు స్నానానికి వెళ్లారు. పావుగంటయినా రాలేదు. పిలిస్తే "ఆ, వస్తున్నా" అన్నారు గానీ మాట ముద్దముద్దగా వచ్చింది, ఇంకో నిమిషానికి మగ్గు కిందపడిన చప్పుడు. గడియ వదులుగా ఉండబట్టి తలుపు ఒక్క తోపుకే తెరుచుకుంది. బయటికి మోసుకొచ్చి వరండాలో పడుకోబెట్టాక కాసేపటికి కళ్లు తెరిచారు, తల పగిలిపోతోందన్నారు, రెండుసార్లు వాంతి చేసుకున్నారు. ఆస్పత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందా?" అని. ఆక్సిజన్ పెట్టారు, దక్కారు.

మర్నాడు మెకానిక్ వచ్చి కవర్ విప్పితే పక్కనే నిలబడి చూశాను. పొగ బయటికి పోయే గొట్టం నిండా పిట్టగూడు పుల్లలు. బర్నర్‌కి గాలి అందే సందులో కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు, ఎండి రాయిలా ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గానీ రాలేదు. లోపలి రేకు మీద వేలు పెడితే నల్లటి మసి. ఇంటి ఓనర్ గారు "పదేళ్లుగా ఉంది, ఎప్పుడూ ఏం కాలేదే" అన్నారు. అయ్యుండకపోవచ్చు, కానీ ఆ పదేళ్లలో ఆ కవర్ విప్పినవాళ్లు కూడా లేరు.

చాలామంది అనుకునేది, గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా, తెలుస్తుంది కదా అని. వాసన వచ్చేది మండని గ్యాస్‌కి, అది కూడా లీకైతే తెలియాలని కంపెనీలు కలిపే మందు వల్ల. మనిషిని చంపేది వేరే. మంటకి సరిపడా గాలి అందకపోతే గ్యాస్ సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు కూడా మండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ఆక్సిజన్ మాత్రం అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం, ఇవన్నీ పైత్యమనో నీరసమనో సరిపెట్టుకునే లక్షణాలే. మంట నీలంగా కాకుండా పసుపుగా ఎగురుతున్నా, మసి కనిపించినా ఆ రోజు దాన్ని వాడొద్దు. స్నానం చేస్తుంటే తల తిరిగినట్టుంటే వెంటనే తలుపు తీసుకుని బయటికి వచ్చేయాలి, సబ్బు నురగ తర్వాత కడుక్కోవచ్చు.

కరెంటు గీజర్ ఉన్నవాళ్లు మాకేం భయం అనుకోవద్దు. ట్యాంకు కింద చిన్న సేఫ్టీ వాల్వ్ ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలేసేది అదే. నీళ్లు వేడెక్కేటప్పుడు దాన్నుంచి నాలుగు చుక్కలు పడడం మామూలే, ఆపకుండా కారుతుంటే మెకానిక్‌కి చూపించాలి. కానీ గోడ తడుస్తోందని దానికి ప్లాస్టిక్ మూత బిగించి టేప్ చుట్టిన ఇల్లు నేను కళ్లారా చూశాను, ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఆ దారి మూసేశాక థర్మోస్టాట్ కూడా పాడైతే నీళ్లు కాగుతూనే ఉంటాయి, ఒత్తిడి పోయే దారి ఉండదు, ట్యాంకు బాంబులా పేలుతుంది. ఉప్పునీళ్లు వాడే ఇళ్లలో కాయిల్ మీద సున్నం పేరుకుంటుంది, లోపలి మెగ్నీషియం కడ్డీ కరిగిపోతుంది, అది కరిగాక తుప్పు ట్యాంకుకే పడుతుంది. అందుకే ఏటా ఒకసారి విప్పించాలి, నెలల తరబడి నిలవున్న నీళ్లు పూర్తిగా వదిలేయాలి. గోరువెచ్చటి నిలవనీళ్లలో, అంటే 20 నుంచి 45 డిగ్రీల మధ్య, ఊపిరితిత్తులకు జబ్బు చేసే లెజియొనెల్లా బాక్టీరియా బాగా పెరుగుతుంది. అలాగని నీళ్లు మరీ మరిగించి నేరుగా పోసుకోవద్దు, 60 డిగ్రీల నీళ్లు తగిలితే ఐదారు సెకన్లలోనే ఒళ్లు బాగా కాలిపోతుంది, పిల్లలకైతే ఇంకా త్వరగా.

ఎర్త్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మెయిన్ బోర్డులో షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి, నొక్కగానే ట్రిప్ అవ్వాలి, అవ్వకపోతే అది పేరుకే ఉన్నట్టు. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని 6 ఆంపియర్ల సాకెట్‌కో సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకో పెడితే వైరు కరగకుండా ఎలా ఉంటుంది? బకెట్లో పెట్టే రాడ్డు ఆన్‌లో ఉండగా నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూసే అలవాటు దయచేసి మానుకోండి. గది వెచ్చగా ఉంటుందని తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకోవడమైతే గ్యాస్ గీజర్ కంటే ఏం తక్కువ కాదు, నిప్పు ఆరినట్టు కనిపించినా ఆ విషవాయువు వస్తూనే ఉంటుంది.

చలి మనకి కొద్ది రోజులేగా అనే మాట ఎంత ప్రమాదమో 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో చూశాం. ఎండలకు అలవాటుపడ్డ రాష్ట్రం, ఒక్క మంచు తుపానుకి కరెంటు పోయింది, అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఎక్కువమంది చలికే పోయారు గానీ, వెచ్చదనం కోసం షెడ్డులో కారు ఇంజిన్ ఆన్ చేసుకుని కూర్చుని కార్బన్ మోనాక్సైడ్‌కి బలైనవాళ్లూ ఉన్నారు.

ఇవన్నీ ఇంట్లోవాళ్లే చూసుకోవాలి అంటే కుదరదు. అద్దెకుండేవాళ్లు గోడకి రంధ్రం పెట్టించలేరు, పొగగొట్టం మార్పించలేరు, గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటారేమోనని టెన్షన్. బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టాలంటే పొగగొట్టం ఇంటి బయటికి వెళ్లి తీరాలని, మూయడానికి వీల్లేని వెంటిలేటర్ ఉండాలని ఇళ్లకు అనుమతులిచ్చే అధికారులు ఖచ్చితంగా చూడాలి. అద్దె ఇంట్లో గీజర్‌ని ఏటా చలికి ముందు ఓనరే చెక్ చేయించి, చూసిన మెకానిక్ సంతకంతో ఒక కాగితం అద్దెదారుకి ఇవ్వాలి. గ్యాస్ గీజర్‌తో పాటే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఇచ్చి అమ్మాలి.

మీ పేపరుకి నా విన్నపం ఒక్కటే. వానలు తగ్గిన మొదటి ఆదివారమే, చలి పేజీ అని పేరు పెట్టినా పెట్టకపోయినా, మొదటి పేజీలో కనిపించేలా ఈ జాగ్రత్తలు వేయండి. పసుపు మంట ఎలా ఉంటుందో, నీలం మంట ఎలా ఉంటుందో రెండు ఫొటోలు పక్కపక్కన వేయండి. చదవడం రానివాళ్లకు కూడా అర్థమవుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు