టెలీవైద్యం వీడియోకు నాణ్యతా ప్రమాణం ఉండాలి

సంపాదకులకు,

పల్లెలోని రోగిని వీడియో కాల్‌లో దూరాన ఉన్న డాక్టరుకు చూపించే ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలై, ఇప్పుడు పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాల్లో రోజువారీ పనిగా మారింది. ఎన్ని కాల్స్ కలిశాయో అధికారులు తరచూ ప్రకటిస్తున్నారు గానీ, అవతలి డాక్టరుకు రోగి ఎంత స్పష్టంగా కనిపించాడన్నది చర్చకు రావడం లేదు.

మాట్లాడుకోవడానికి సరిపోయే వీడియో రోగనిర్ధారణకూ సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదు. సిగ్నల్ బలహీనపడగానే వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్ సన్నని వివరాలను వదిలేస్తుంది, లేదా సెకనుకు పంపే ఫ్రేముల సంఖ్యను తగ్గిస్తుంది. మనిషిని గుర్తుపట్టడానికి ఇది అడ్డు కాదు. కానీ తొలిదశ కుష్ఠు మచ్చ చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయి ఉంటుందంతే. వీడియో కాల్స్‌లో రంగుల వివరాన్ని వెలుగునీడల వివరంలో నాలుగో వంతుకు కుదించి పంపడం మామూలు పద్ధతి కాబట్టి, ఆ కొద్దిపాటి తేడా తెర మీదికి వచ్చేసరికి చెరిగిపోవచ్చు. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియాను అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీడియో అయిదు సెకన్లు ఆగిపోతే నాలుగు ఊపిర్లు లెక్కలోకి రావు. లెక్కపెట్టడం ఉపకేంద్రం సిబ్బందికీ వచ్చు, నిజమే. అయితే బిడ్డ డొక్కలు ఎగరేస్తున్న తీరును డాక్టరు తన కళ్లతో చూడాలనుకున్నప్పుడు ఆగి ఆగి వచ్చే బొమ్మ ఎందుకూ పనికిరాదు.

మొబైల్ నెట్‌వర్క్‌లను ప్రధానంగా డౌన్‌లోడ్ కోసమే తీర్చిదిద్దుతారు. కంపెనీల ప్రకటనల్లో కనిపించే వేగమూ అదే. ఉపకేంద్రానికి కావలసింది మాత్రం అప్‌లోడ్, ఎందుకంటే రోగి బొమ్మ అక్కడి నుంచే పైకి వెళ్లాలి. ఏజెన్సీ గ్రామాల్లో టవరు నిలబెట్టి పని పూర్తయిందనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

టెలీవైద్యంతో సరిపెట్టాలా, రోగిని నేరుగా రప్పించాలా అన్నది డాక్టరు విచక్షణకే వదలాలని 2020 మార్చిలో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బొమ్మలో ఏం పోయిందో తెలియని డాక్టరు ఆ విచక్షణను ఎలా ఉపయోగిస్తారు? కాబట్టి వీడియో నాణ్యత ఒక స్థాయి కంటే పడిపోతే డాక్టరు తెర మీద హెచ్చరిక కనిపించే ఏర్పాటు ఉండాలి. అత్యవసరం కాని కేసుల్లో, గాయాన్నో మచ్చనో ట్యాబ్‌లోనే పూర్తి నాణ్యతతో చిత్రీకరించి, పది నిమిషాలు ఆలస్యమైనా సరే, ఫైలుగా పంపే వీలు కల్పించాలి. ప్రత్యక్ష ప్రసారం మీద మనకున్న మోజు ఇక్కడ అనవసరం. హెచ్చరిక రావలసిన నాణ్యతా స్థాయి ఎంతో నిర్ణయించే పని ఇంజినీర్లకు మాత్రమే అప్పగించకుండా, రకరకాలుగా కుదించిన వీడియోలను చర్మవైద్యులకు, పిల్లల డాక్టర్లకు చూపించి, దేనితో నిర్ధారణ చేయగలరో, దేనితో చేయలేరో వారి చేతనే చెప్పించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత టెలికాం ఇంజినీరు, విజయనగరం