మా నాన్న కోసం నిలబడ్డ మీ అందరికీ

ఈ నెల మొదట్లో మా నాన్న కాలం చేశారు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో, పాతపట్నం వెళ్ళే దారిలో బండ్లు బాగుచేసే షెడ్డు నడిపిన మిలట్రీ మేస్త్రి అంటే మీలో చాలామందికి తెలుస్తుంది. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళారు, ఇల్లు సర్దుకుంటున్నాం. సాయం చేసిన వాళ్ళలో ఎవరికి దండం పెట్టబోయినా "మీ నాన్న మాకు చేసినదాంట్లో ఇదెంతమ్మా" అని మాట దాటేశారు. డీజిల్ డబ్బులైనా తీసుకోమంటే ఒకాయన కోప్పడి వెళ్ళిపోయారు కూడా. ఎదురుగా చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దయచేసి ఇక్కడ మాత్రం కాదనకండి.

ముందు మా ఎదురింటి ఆటో అన్నకు. రాత్రి భోజనాల వేళ నాన్న మాట ముద్దగా వచ్చింది, కుడి చేతిలోంచి గ్లాసు జారిపోయింది. కళ్ళు తిరిగాయేమో, కాసేపు పడుకోబెడదాం అనుకుంటున్నాం మేము. అన్న గుమ్మంలోంచే చూసి "మూతి వంకర పోయింది, ఇది పక్షవాతం, పడుకోబెట్టకండి, లేవదీయండి" అని అరిచాడు. వాళ్ళ అమ్మగారిని అలాగే పోగొట్టుకున్నాడట. మెదడులో రక్తం గడ్డ కట్టి వచ్చే పక్షవాతమైతే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. ఇది ఆ రాత్రి వరకు మాకు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళున్న అందరూ గుర్తుపెట్టుకోండి: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకండి.

గుమ్మ ఊరి వైపు ట్రెక్కర్, అంటే జనాన్ని ఎక్కించుకునే జీపు, నడిపే తమ్ముడు అప్పుడే ట్రిప్పు ముగించి వచ్చాడు. అన్నం కూడా తినకుండా సీట్లు విప్పి పరుపు వేశాడు. పాతపట్నం, టెక్కలి మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్ళాడు. బండి కుదుపుకి నాన్నకు ఇబ్బంది కాకూడదని గుంత వచ్చిన ప్రతిచోటా బ్రేకు ఎంత మెత్తగా వేశాడో నేను చూశాను. ఇంజెక్షన్ వేళకే పడింది. తర్వాత విశాఖపట్నం మార్చినా, ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చి చివరికి ఆయన్ని దక్కించుకోలేకపోయాం. కానీ మధ్యలో కొన్ని వారాలు నాన్న మమ్మల్ని గుర్తుపట్టారు, అమ్మతో మాట్లాడారు, సూరత్ నుంచి వచ్చిన మా తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు. ఆ వారాలు మాకు ఇచ్చింది ఈ ఇద్దరూ.

టెక్కలి దగ్గర ఉండే రిటైర్డ్ హవల్దార్ గారికి నా నమస్కారం. నాన్నా ఆయనా ఒకే యూనిట్ కాదు, పెన్షన్ పనుల దగ్గర పరిచయమైన వాళ్ళు, అంతే. మాజీ సైనికుల వైద్య పథకం, ఈ.సీ.హెచ్.ఎస్. కార్డు నాన్నకు ఉంది, కానీ రాత్రిపూట రెఫరల్ కాగితం ఎవరిస్తారని నాకు ఒకటే టెన్షన్. ఆయన ఫోన్‌లో "అమ్మా, ఎమర్జెన్సీకి ముందు కాగితం అక్కర్లేదు. చేర్చెయ్యండి. 48 గంటల్లోపు ఆ పథకం పాలీక్లినిక్‌కు తెలియజేస్తే చాలు, అది నేను చూసుకుంటాను" అన్నారు. చూసుకున్నారు కూడా. విశాఖలో తన పోర్షన్‌లో ఒక గది మాకు ఇచ్చి, రోజూ నాన్నకు జావ కాచి పంపిన అక్కకు ఏమని చెప్పను? వాళ్ళ నాన్న జీపు ఇంజన్ మా నాన్న అప్పు మీద బాగుచేశారట, అప్పుడు ఆమె ఇంటర్ ఫీజు కట్టాల్సి ఉందట. నాన్న మాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన చెప్పనివి ఇంకా ఎన్నో ఈ రోజుల్లో మీ నోటి నుంచే విన్నాం. అందుకని మాకు తెలిసిన నాన్న గురించి కొంచెం రాయాలనిపిస్తోంది.

ఆయన 1960ల చివర్లో మిలట్రీలో చేరారు. సికింద్రాబాద్‌లో ఈ.ఎం.ఈ., అంటే మిలట్రీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం, అందులో ట్రైనింగ్, వెహికల్ మెకానిక్ ట్రేడ్. శక్తిమాన్ లారీలు, నిస్సాన్ వన్ టన్నులు, జోంగాలు, జబల్‌పూర్‌లో తయారైన ఈ బండ్ల గొంతు విని రోగం చెప్పేవారు. 1971 డిసెంబర్ యుద్ధంలో రాజస్థాన్ వైపు ఉన్నారు. ఆ పడమటి సరిహద్దులో పనిచేసిన వాళ్ళకు ఇచ్చిన పశ్చిమీ స్టార్ పతకం ట్రంకు పెట్టెలో, అమ్మ పెళ్ళి చీర కింద ఉండేది. యుద్ధం కథలు చెప్పమంటే తుపాకుల సంగతి ఎత్తేవారు కాదు. ఇసుక ఎయిర్ ఫిల్టర్‌లో ఎలా దూరేదో, రాత్రి లైటు వెలిగించకూడదు కాబట్టి చేత్తో తడుముకుంటూనే ఫ్యాన్ బెల్టు ఎలా మార్చేవారో, అవి చెప్పేవారు. షెడ్డులో ఏ స్పానర్ తీసినా మళ్ళీ అదే మేకుకు తగిలించాలని అంత పట్టుదల అక్కడి నుంచి వచ్చిందే. కరెంటు పోయినా ఆయన పని ఆగేది కాదు.

సెలవుకు వచ్చేటప్పుడు నౌపడాలో మెయిన్ లైను రైలు దిగి, మన చిన్న బండి ఎక్కి వచ్చేవారు. 1900లో మొదలైన ఆ నేరోగేజ్ లైను అంటే ఆయనకు ప్రాణం. 2004లో బ్రాడ్‌గేజ్ కోసం ఆపేసినప్పుడు చివరి రోజుల్లో అమ్మను వెంటబెట్టుకుని ఎక్కి వచ్చారు. పెళ్ళయ్యేనాటికి అమ్మకు చదువు రాదు. నాన్న ఇన్‌లాండ్ ఉత్తరాలు బడి మాస్టారు చదివి వినిపించేవారు. మాస్టారి ముందు ఏం రాస్తాం అనుకున్నారో ఏమో, ఒక సెలవులో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు, మిగతాది మా మేనత్త నేర్పింది. తర్వాత ఉత్తరాలు పెద్దవయ్యాయి. అమ్మ వాటిని ఇప్పటికీ ఎవరికీ చూపించదు, మేమూ అడగం.

పెన్షన్ మీద వచ్చాక షెడ్డు పెట్టారు. సాయంత్రం చేతులు కిరోసిన్‌తో కడిగి, సబ్బుతో కడిగి, గోళ్ళ సందులు పుల్లతో తీసి, ఆ తర్వాతే మమ్మల్ని దగ్గరికి తీసుకునేవారు. మా ఇద్దరి పుస్తకాలకు అట్టలు ఆయనే వేసేవారు. షెడ్డులో మాత్రం వేరే మనిషి. సిలిండర్ హెడ్ బిగిస్తుంటే మధ్య బోల్టు నుంచి బయటికి, ఒకేసారి కాకుండా విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. తొందరపెట్టే ఓనర్‌కు స్టూలు చూపించి కూర్చోమనేవారు. బ్రేకు సరిగ్గా లేని బండిని షెడ్డు దాటనిచ్చేవారు కాదు. దీని మీద తగాదాలు కూడా అయ్యాయి. "ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు" అని ఉదయగిరి ఘాట్ వైపు వెళ్ళే ప్రతి కుర్రాడికీ చెప్పేవారు. ఇంజన్ పని చేసిన బండిని ముందు పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి పంపేవారు, ఆ తర్వాతే లోడు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన జిల్లా మీద పడినప్పుడు కొండ దారులు విరిగిపోయాయి, కరెంటు లేదు. నాన్న షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. రేకుల సంగతి తర్వాత అని, తాటిపత్రి కింద కూర్చుని జనరేటర్లు, నీళ్ళ మోటార్లు బాగుచేశారు. ఒరియా వాళ్ళు, తెలుగు వాళ్ళు, కొండ మీది సవర గిరిజనులు వరుసలో నిలబడ్డారు. పైసా తీసుకోలేదని మీరంతా ఇప్పుడు చెబుతుంటే అమ్మ "అందుకేనా ఆ నెల సరుకులు అప్పు పెట్టారు" అని నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. ఆ మాట చెప్పిన వాళ్ళకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

నాన్నను మహేంద్రతనయ నది ఒడ్డుకు మోయడానికి వచ్చిన ట్రెక్కర్, లారీ, ఆటో డ్రైవర్లకు, ఆ పూట బండ్లు ఆపుకుని బేరాలు పోగొట్టుకున్న వాళ్ళకు, పుష్పగుచ్ఛం పెట్టి సెల్యూట్ చేసిన మాజీ సైనికులకు, పన్నెండు రోజులూ మా పొయ్యి వెలగనివ్వకుండా వంతులు వేసుకుని అన్నం పంపిన మా వీధి ఒరియా, తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళకు పేరుపేరునా నమస్కారం.

ఫ్యామిలీ పెన్షన్ పని ఇంకా నడుస్తోంది. నాన్న సర్వీసు కాగితాల్లో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. మన సరిహద్దు ఊళ్ళలో ఇది మామూలే, ఒకసారి తెలుగు నుంచి, ఒకసారి ఒరియా నుంచి ఇంగ్లీషులోకి రాసేసరికి స్పెల్లింగ్ మారిపోతుంది. మొదట వెళ్ళిన చోట కాగితాలు వెనక్కి ఇచ్చేశారు. హవల్దార్ గారే మళ్ళీ వచ్చి అఫిడవిట్ రాయించి, మాజీ సైనికుల పనులు చూసే సైనిక్ బోర్డుకు అమ్మను దగ్గరుండి తీసుకెళ్ళారు. పెన్షన్ తీసుకుంటున్న మాజీ సైనికులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ భార్య పేరు, పుట్టిన తేదీ, పెన్షన్ ఆర్డరులోనూ ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. మీరుండగా సరిచేయడం సులువు.

షెడ్డు మూయడం లేదు. పదో తరగతి తప్పి కొండ దిగి వచ్చి, నాన్న దగ్గరే పని నేర్చుకున్న మా సవర తమ్ముడు సోమవారం నుంచి తీస్తాడు. ఆసుపత్రిలో రాత్రిళ్ళు నాన్న మంచం పక్కన నేల మీద పడుకున్నది వాడే, టార్క్ రెంచ్ వాడికే ఇచ్చాం. లోపల ఉన్న రెండు జీపులు, పంపు సెట్టు ఎవరివో వాళ్ళు వచ్చి చూసుకోండి. అడ్వాన్స్ ఇచ్చిన వాళ్ళ వివరాలు నాన్న నోటు పుస్తకంలో ఉన్నాయి, పని కావాలంటే చేస్తాడు, వద్దంటే అమ్మ డబ్బు తిరిగి ఇస్తుంది. ఆర్.సీ. కాగితాలు కొన్ని ఇంటి బీరువాలో జాగ్రత్తగా ఉన్నాయి. సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడు వచ్చినా అమ్మ ఉంటుంది.