లేని బీడీలను లెక్కబెట్టిన అక్కకు

అందరికీ నమస్తే. అమ్మను నిన్న సాయంత్రం ఇంటికి తోలుకొచ్చినం. తొమ్మిది రోజులైంది. ఇప్పుడు పక్క అర్రల పండుకోని గురక పెడ్తున్నది. గురక ఆగితే లేశి చూసొస్తున్న, మళ్ల వచ్చి రాస్తున్న. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. కండ్లు మండుతున్నయి గని ఇయ్యాల రాయకుంటే రేపు పనుల పడి రాయనే రాయ.

ఫోన్ చేసి అడిగినోళ్లందరికి "బీపీ పెరిగింది" అని చెప్పిన. అబద్ధం. మాఫ్ చెయ్యుండ్రి. మా అమ్మకు కల్లు దొరకక గట్లయింది.

కల్లు ఆగితే మంచిదే గదా అనుకుంటరు. నేను గూడ అట్లనే అనుకున్న. నిజామాబాద్ దిక్కు పుట్టినోళ్లకు తెలుసు, మా దగ్గర కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కవెట్టరు. బ్రాందీ తాగెటోడు తాగుబోతు. కల్లు తాగితే ఏంగాదు, ఒంటికి చల్లదనం. పొద్దంతా చాట ముందట వంగి కూసోని వెయ్యి బీడీలు చేస్తే నడుము పట్కపోతది, మెడ తిరగదు. పొద్దుమూకినంక రెండు సీసాలు తాగితే నొప్పి తెల్వకుండ నిద్ర పడ్తది. అమ్మ అట్లనే తాగింది ఇన్నేండ్లు. ఎన్నడు తూలలే, ఎన్నడు ఒకర్ని ఒక మాట అనలే. నెల్లూరు దిక్కు దూబగుంట ఆడోళ్లు సారా మీద కొట్లాడిండ్రని, 1993ల సర్కారు సారా బంద్ పెట్టిందని చదివిన. మా గల్లీల ఆడోళ్లే సీసాలు పట్టుకోని వరుసగ కూసుంటరు. ఇంక ఎవరి మీద కొట్లాడాలె?

గని అది చెట్టు కల్లు గాదు. ఊర్ల ఈత చెట్లెన్ని, తాళ్లెన్ని, తాగే నోర్లెన్ని, లెక్క ఎట్ల కుదురుతది? నీళ్లల్ల సాక్రిన్ ఏసి, ఆల్ప్రాజోలమో, డైజీపామో, క్లోరల్ హైడ్రేటో కలుపుతరు. డాక్టరు రాసే ఆల్ప్రాజోలం గోళీ పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో ఉంటదట. పొడిని పీపాలల్ల కలిపెటోడు ఏ తరాజు పెడ్తడు? అమ్మ తాగింది కల్లని అనుకున్నది, అందుల నిద్ర మందు ఉన్నదని ఆమెకు తెల్వదు. ఇన్నేండ్లు ఆమె పెయ్యి దానికి అలవాటు పడ్డది.

మొన్న తనిఖీకి వచ్చి దుకాణం సీలేసిండ్రు. మంచిగయిందని నేనే చప్పట్లు కొట్టిన. మొదటి రాత్రి అమ్మకు నిద్ర రాలే. రెండో దినం చేతులు వణుకుడు, చెమటలు. గోడ మీద చీమలు పోతున్నయి అన్నది. మూడో దినం పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంట ఫిట్స్ వచ్చి పడిపోయింది. నాలుక కరుసుకోని నోట్లకెల్లి రక్తం.

ముందుగాల ఒక ప్రైవేటు దవాఖానకు తీస్కపోయినం. పేరు రాయ, మా ఊరు పేరు గూడ రాయ. రెండు దినాలు పెట్టుకోని స్కానింగులు తీసి 18,000 బిల్లు చేసిండ్రు. ఎన్ని పరీక్షలు రాసినా, అమ్మ రోజు ఏం తాగుతదని ఒక్కరు అడగలే. నాకు గూడ చెప్పాలని తట్టలే, నిజం చెప్తున్న. సిగ్గు గూడ ఉండె. ఆఖరికి "తలకాయల ఏం లేదు, పిచ్చి దవాఖానకు తీస్కపోండ్రి" అని చీటి చేతుల పెట్టిండ్రు.

108ల సర్కారు దవాఖానకు వచ్చినం. అక్కడ క్యాజువాలిటీల చిన్న వయసు డాక్టరమ్మ అమ్మ కండ్లు చూసి, చేతులు సాపమని చూసి, ఒకటే అడిగింది. "కల్లు ఆగి ఎన్ని రోజులైందమ్మా?" అయిదు దినాల సంది ఎవరూ అడగని మాట. ఆ డాక్టరమ్మకు దండం.

అసలు నేను రాయాలనుకున్నది ఆ రాత్రి గురించి.

వార్డుల వేసినంక అమ్మ సెలైను సూది రెండుసార్లు పీకేసింది. రక్తం పక్కమీద, నా చీర మీద. చేసేది లేక బ్యాండేజి గుడ్డతోని రెండు చేతులు మంచానికి కట్టిండ్రు. నర్సమ్మల తప్పు లేదు, నలభై మందికి ఇద్దరున్నరు. అమ్మ నన్ను గుర్తుపడ్తలేదు. "ఇడువుండ్రే, టేకేదారు వస్తడు, ఇడువుండ్రే" అని ఒర్రుతున్నది. టేకేదారంటే బీడీల గుత్తేదారు. పక్క మంచం కాడోళ్లు "తాగుడు కేసట" అని గుసగుస. నేను మంచం కింద కూసోని మొఖం మోకాళ్లల్ల పెట్టుకున్న.

ఒంటిగంట దాటినంక రాత్రి డ్యూటీల తుడిచే అక్క వచ్చింది. మంచాల కింద తుడుసుకుంట మా కాడికి వచ్చి ఆగింది. తుడిచే కట్టె గోడకు ఆనిచ్చి అమ్మ చేతుల దిక్కు చూసింది. శానా సేపు చూసింది. మణికట్టు కాడ కట్టేసినా వేళ్లు మాత్రం ఆగుతలేవు. బొటనవేలు చూపుడువేలు మీద రుద్దుకుంట, రుద్దుకుంట పోతున్నయి. సాయంత్రం సంది నేను చూస్తనే ఉన్న.

"వణుకుడు తగ్గుతలేదక్కా" అన్న.

"వణుకుడు గాదు బిడ్డా" అన్నది. "బీడీలు చుడుతున్నది."

నేను బీడీల పైసలతోని డిగ్రీ చదివిన. బడి నుంచి వచ్చి అమ్మ పక్కన కూసోని బీడీల మూతులు ఒత్తిన. అయినా నాకు కనవళ్లే. ఆమెకు కనవడ్డది.

పోయి నర్సమ్మతోని మాట్లాడొచ్చింది. "నేను కూసుంట, ఏమన్న అయితే నాది పూచీ" అన్నదట. వచ్చి కుడి చెయ్యి కట్టు ఇప్పింది. మేం అన్నం తిన్న స్టీలు పల్లెం కడుక్కొచ్చి అమ్మ ఒళ్లె చాట లెక్క పెట్టింది. ఇగ మంచం అంచు మీద కూసోని చెయ్యి సాపింది. "తే అక్కా, చుట్టినవి ఇటియ్యి, నేను కట్ట కడ్త."

అమ్మ ఒక బీడీ ఇచ్చింది. అంటే, ఏం లేదు, ఒట్టి వేళ్లు. ఆ అక్క తీసుకోని పక్కకు పెట్టి "ఒకటి" అన్నది. మళ్ల ఒకటి. "రెండు". ఇరవై అయిదు కాంగనే దారం చుట్టినట్టు చేసి "కట్ట అయింది, ఇంకోటి మొదలువెట్టు" అన్నది. అమ్మ ఒర్రుడు ఆగింది. నేను మంచం కిందనే కూసోని చూస్తున్న. రెండుసార్లు వేరే మంచం కాడ ఎవరికో వాంతయితే పోవాల్సొచ్చింది ఆమెకు. అప్పుడు గూడ "ఆగక్కా, దారం అయిపోయింది, తెస్త" అని చెప్పి పోయింది, చేతులు కడుక్కోని వచ్చింది. ఒక కట్టల అయితే మధ్యల ఆపి "ఇది వదులున్నది, మళ్ల చుట్టు" అని ఎనక్కిచ్చింది. అమ్మకు కోపమొచ్చింది. "నా బీడీ వదులుంటదా?" రోజుల తర్వాత మా అమ్మ గొంతు నాకు ఇనవడ్డది, అచ్చం మా అమ్మ. నేను వరండాలకు పోయి నోట్ల కొంగు కుక్కుకోని ఏడ్చిన.

మూడున్నర, నాలుగు మధ్యల అమ్మ చెయ్యి ఆ పల్లెంలనే ఆగిపోయింది. నిద్రపోయింది. సూదిమందు పని చేసింది, అది నాకు తెలుసు, డాక్టర్లను తక్కువ చేస్తలేను. గని ఆ రెండున్నర గంటలు కట్టుగుడ్డ లేకుండ గడిచింది ఆమె వల్లనే.

పొద్దుగాల ఆమెకు రెండొందలు ఇయ్యబోతే చెయ్యి ఎనక్కి గుంజుకున్నది. మా టిఫిన్ డబ్బల రొట్టె సగం తుంచుకోని తిన్నది. నాతోని చాయ్ తాగుకుంట చెప్పింది, 2020ల కరోనా బంద్ పెట్టినప్పుడు దుకాణాలు మూసి తనకు గూడ గిట్లనే అయిందట. "గోడ మీద మా సచ్చిపోయిన అత్త కనవడ్డది బిడ్డా. సచ్చినంక గూడ నన్ను తిట్టుడు ఇడువలే." నవ్వింది. నేను గూడ నవ్విన, అన్ని రోజులల్ల మొదటిసారి. పూర్తిగ మాన్పనీకి నెలలు పట్టిందట. గోళీలు డాక్టరు చెప్పినట్టే కొద్దికొద్దిగ తగ్గించాలె, మంచిగయింది గదా అని ఒక్కసారి ఆపితే మళ్ల ఫిట్స్ వస్తయి అని పదిసార్లు చెప్పింది. పెద్ద డాక్టరు సారు గూడ రౌండ్స్‌కు వచ్చి అదే మాట చెప్పిండు.

అక్కా, నీ పేరు అడిగిన, నువ్వు చెప్పినవు, ఇక్కడ రాస్తలేను. మూడు నెలల సంది జీతం పడలేదన్నవు, కాంట్రాక్టరు ఫోన్ ఎత్తుతలేడన్నవు. పేరు రాస్తే నీకే తిప్పలు. ఇది ఎవరన్న నీకు చదివి ఇనిపిస్తరని రాస్తున్న.

ఇగ ఒక మాట అనకుంటే నా కడుపు సల్లవడదు. దుకాణం సీలేసే ముందు దవాఖానకు ఒక్క ముక్క చెప్పరాదా? 2015ల గూడ కల్తీ కల్లు మీద దాడులు చేస్తే మా జిల్లాల, పాలమూరుల, హైదరాబాద్‌ల దవాఖానలు నిండిపోయినయి. పేపర్లన్ని రాసినయి. 2020ల మళ్ల చూసిండ్రు. 2025 జులైల కూకట్‌పల్లిల కల్లు తాగినోళ్ల పానాలే పోయినయి. ఇన్నిసార్లు అయినంక గూడ మూడో దినం ఫిట్స్ వస్తయని మా అసొంటోళ్లకు చెప్పే మనిషి లేడు. తనిఖీ చేసినోళ్లు శాంపిల్ సీసాలు పట్టుకపోయిండ్రు. వాటితోని పాటు రోజు ఆ దుకాణంల కూసునే ఆడోళ్ల పేర్లు రాసుకోని ఆశా అక్కలకు ఇస్తే ఏం పోతుండె? నేను నిన్న వచ్చెటప్పుడు చూసిన, సీలు ముందటికెల్లి ఉన్నది, ఎనక సందుల సీసాలు అమ్ముతున్నరు. మా గల్లీల ఇంకా ఎంతమంది ఉన్నరో ఇంటింటికి తిరిగి అడుగుదామని ఉన్నది, ముందు నేను ఒక పూట పండుకోవాలె.

ఎవరింట్లనన్న ఇట్ల అయితే దాచకుండ్రి, పోంగనే డాక్టరుకు కల్లు సంగతి చెప్పుండ్రి. 14416 టెలీ మానస్‌కు, అంటే మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ నంబరుకు, నేను రాత్రిపూట చేసిన, తెలుగులనే మాట్లాడిండ్రు, పైసలు తీసుకోరు.

మా ఆయన, దుబాయిల ఉన్న తమ్ముడు, మా ఆడబిడ్డ పిల్లల్ని చూసుకున్నది, అందరు చేసిండ్రు, వాళ్లకు వేరేగ చెప్పేదేముంది.

మర్చిపోయిన, ప్రైవేటు దవాఖాన కాడికి తీస్కపోయిన ఆటో అన్న పైసలు తర్వాత ఇయ్యమన్నడు, ఇంకా ఇయ్యలే. 108ల వచ్చిన ఇద్దరు పిల్లలకు. రక్త పరీక్ష రిపోర్టు లంచ్ టైముల గూడ ఇచ్చిన ల్యాబ్ తమ్మునికి. "తాగుడు కేసట" అన్న పక్క మంచం పెద్దమ్మకు గూడ, మూడో దినం ఆమెనే మా అమ్మకు జావ తాపింది. పొద్దుగాల ఐదింటికే చాయ్ పోసిన గేటు కాడి హోటలాయనకు. టేకేదారుకు గూడ చెప్పాలె, ఆకు వాపస్ ఇయ్యమని అడగలే, కార్డు మీద పేరు కొట్టెయ్యలే.

ఇంకోటి. ఎర్ర మూత ప్లాస్కు ఒకటి మా సంచిల వచ్చింది. మాది గాదు. వార్డుల కిటికీ పక్క మంచమోళ్లదే అనుకుంట. సోమవారం గోళీలకు వస్తున్న, తెస్త.